విజయనగరం మహారాజ్‌కుమార్ (విజ్జీ): బ్యాట్స్‌మన్, సారథి, క్రికెట్ నిర్వాహకుడు

పూసపాటి విజయానంద గజపతిరాజు (28 డిసెంబరు 1905 – 2 డిసెంబరు 1965) భారత టెస్టు జట్టుకు సారథ్యం వహించి, ఆ తర్వాత భారత క్రికెట్ నియంత్రణ మండలికి (బీసీసీఐ) అధ్యక్షుడైన తెలుగువాడు. క్రికెట్ లోకానికి ఆయన ‘విజ్జీ’గా, ‘విజయనగరం మహారాజ్‌కుమార్’గా పరిచితుడు. టెస్టు ఆడినవారిలో బోర్డు అధ్యక్ష పీఠం ఎక్కిన తొలి వ్యక్తి ఆయనే. ఆడిన టెస్టులు మూడు, చేసిన పరుగులు 33. క్రికెట్ నిర్వహణలో ఆయన పాత్ర మాత్రం సుమారు నాలుగు దశాబ్దాలు సాగింది. 1936 ఇంగ్లండ్ పర్యటనలోని వైఫల్యం ఆయన పేరుకు చెరగని మచ్చగా మిగిలింది. అయితే బెనారస్‌లో మైదానం కట్టిన యువకుడిగా, విదేశీ దిగ్గజాలను భారత్‌కు రప్పించిన పోషకుడిగా, ఉత్తరప్రదేశ్ క్రికెట్‌కు ఊపిరి పోసిన నిర్వాహకుడిగా ఆయన చేసిన పనిని పక్కన పెడితే భారత క్రికెట్ చరిత్ర అసంపూర్ణంగానే ఉంటుంది.

కుటుంబం, బాల్యం

ఉత్తర సర్కారుల్లో అతి పెద్ద జమీందారీ విజయనగరం. పూసపాటి వంశీకులు సాహిత్యానికి, సంగీతానికి, విద్యకు పెద్ద ఎత్తున పోషణ అందించారు. కాశీతోనూ ఆ కుటుంబానికి పాత అనుబంధం. అక్కడ వారికి భవనాలు, భూములు ఉండేవి. విజయానంద ఆ ఇంట రెండో కొడుకు. తండ్రి విజయరామ గజపతిరాజు 1922లో మరణించాక గద్దె అన్న అలక నారాయణ గజపతికి దక్కింది. పాలించే హక్కు లేని చిన్న కుమారుడు కావడం వల్లనే ఆయనకు ‘మహారాజ్‌కుమార్’ అనే బిరుదు స్థిరపడింది. కుటుంబపు బెనారస్ ఎస్టేటు ఆయన నివాసమైంది.

చదువు అజ్మీర్‌లోని మేయో కాలేజీలో, తర్వాత ఇంగ్లండ్‌లోని హెయిలీబరీలో సాగింది. సంస్థానాధీశుల, జమీందారుల పిల్లలను ఆంగ్ల పద్ధతుల్లో తీర్చిదిద్దడానికి ఏర్పడిన మేయోలో క్రికెట్‌కు పెద్ద పీట ఉండేది. టెన్నిస్, వేట కూడా ఆయనకు ఇష్టమే. అయితే మనసంతా క్రికెట్ మీదే. ఆయన ప్రతిభ సగటు స్థాయిదే. చేతిలో ఉన్న ధనం, పరిచయాలు, పట్టుదల మాత్రం అసాధారణమైనవి. ఆయన జీవితంలోని గెలుపులకూ ఓటములకూ ఈ వ్యత్యాసమే మూలం.

బెనారస్ మైదానం, సొంత జట్టు

1926లో ఆయన సొంత జట్టును కూడగట్టి, బెనారస్ భవన ప్రాంగణంలో మైదానం వేయించారు. అప్పటికి బీసీసీఐ పుట్టలేదు. అది 1928 డిసెంబరులో ఏర్పడింది. జాతీయ స్థాయి రాష్ట్ర పోటీలు లేవు. ప్రసార హక్కుల ఆదాయం ఊహకైనా అందని కాలమది. ఆటగాడికి జీతం, ప్రయాణ ఖర్చు, బస, చివరకు బ్యాటు కూడా ఎవరో ఒక పోషకుడు ఇవ్వాల్సిందే. పటియాలా, హోల్కర్ వంటి సంస్థానాలు క్రికెటర్లను కొలువులో చేర్చుకునేవి. మచిలీపట్నం మూలాలున్న తెలుగు కుటుంబంలో నాగపూర్‌లో పుట్టిన కొటారి కనకయ్య నాయుడు (సి.కె. నాయుడు) ఇండోర్ మహారాజు పిలుపు మీద 1923లో హోల్కర్ కొలువులో చేరి ‘కల్నల్’ హోదా పొందడం ఆ పద్ధతికి మంచి ఉదాహరణ. విజ్జీకి సైన్యమూ సంస్థానమూ లేవు. అయినా అదే స్థాయిలో జట్టును నడపాలని సంకల్పించారు.

ఆయన చేసిన పెద్ద ప్రయత్నం 1930-31లో ఫలించింది. ఆ శీతకాలంలో రావలసిన ఎంసీసీ (ఇంగ్లండ్) జట్టు పర్యటన శాసనోల్లంఘన ఉద్యమం కారణంగా రద్దయింది. ఆ ఖాళీని విజ్జీ తన ఖర్చుతో నింపారు. ఇంగ్లండ్ ప్రసిద్ధ ఓపెనింగ్ జంట జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించి, భారత్, సింహళంలో తన జట్టుతో పర్యటించారు. ఆ జట్టులో సి.కె. నాయుడు ఆడారు. నూనూగు మీసాల ముస్తాక్ అలీకీ చోటు దొరికింది. హాబ్స్‌కు అప్పటికి 48 ఏళ్లు నిండుతున్నాయి. ఆయన క్రీజులో ఎలా నిలబడతారో, బంతిని ఎంత ఆలస్యంగా ఆడతారో దగ్గర నుంచి చూసే అవకాశం భారతీయ యువకులకు దక్కింది. శిక్షణ కేంద్రాలు లేని రోజుల్లో ఆ సహవాసమే శిక్షణ. తర్వాతి సంవత్సరాల్లో వెస్టిండీస్ ఆల్‌రౌండర్ లియరీ కాన్‌స్టాంటైన్‌ను కూడా ఆయన భారత్‌కు తెచ్చారు.

1933-34లో డగ్లస్ జార్డిన్ నాయకత్వంలో ఎంసీసీ జట్టు భారత్‌కు వచ్చింది. ఆ పర్యటన మొత్తంలో ఆ జట్టును ఓడించింది బెనారస్‌లో విజయనగరం జట్టు ఒక్కటే. టెస్టు జట్టుకు సాధ్యం కానిది తన జట్టు సాధించడంతో విజ్జీ ప్రతిష్ఠ దేశమంతా పెరిగింది.

ధనం, పలుకుబడి

విజ్జీ దానాలకు వెనకాడలేదు. ఆ దానాల వెనుక ఆశయంతో పాటు ఆశ కూడా ఉండేది. 1932 ఇంగ్లండ్ పర్యటన ఖర్చులకు బోర్డు తడుముకుంటున్నప్పుడు ఆయన భారీ విరాళం ఇచ్చారు. దానికి ప్రతిగా ‘డిప్యూటీ వైస్ కెప్టెన్’ పదవి వచ్చింది. ఆరోగ్యం, ఫామ్ బాగాలేవంటూ ఆయన ఆ పర్యటన నుంచి తప్పుకున్నారు. సారథిగా వెళ్లిన పోర్‌బందర్ మహారాజు తన ఆట స్థాయిని తెలుసుకుని పక్కకు జరగడంతో, లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టుకు సి.కె. నాయుడు నాయకత్వం వహించారు. సంస్థానాధీశుడు సామాన్యుడికి దారి ఇచ్చిన ఆ నిర్ణయం భారత క్రికెట్‌కు మేలు చేసింది. నాలుగేళ్ల తర్వాత అలాంటి నిర్ణయమే జరగలేదు.

వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్‌తో విజ్జీకి సాన్నిహిత్యం ఉండేది. ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా మైదానంలో ఆయన కట్టించిన పెవిలియన్‌కు విల్లింగ్డన్ పేరే పెట్టారు. 1934లో జాతీయ చాంపియన్‌షిప్ ఆలోచన వచ్చినప్పుడు పటియాలా మహారాజు భూపీందర్ సింగ్ దివంగత రంజిత్ సింహ్‌జీ పేరుతో కప్పు ఇస్తానన్నారు. విజ్జీ విల్లింగ్డన్ పేరుతో మరో కప్పును ప్రతిపాదించారు. రెండు శిబిరాల పోరులో చివరకు రంజీ ట్రోఫీయే నిలిచింది. అప్పటి బోర్డు రాజకీయం ఎలా నడిచేదో ఈ ఘట్టం చెబుతుంది. సంఘాల ఓట్లు, వైస్రాయ్ మెప్పు, రాజుల పంతాలు కలిసి నిర్ణయాలు చేసేవి. ఆటగాళ్ల మాటకు అక్కడ తావు లేదు.

1936 ఇంగ్లండ్ పర్యటన

ఇంగ్లండ్ తరఫున టెస్టులు ఆడిన పటౌడీ నవాబు ఇఫ్తిఖార్ అలీ ఖాన్ 1936 పర్యటనకు సారథి అవుతారని చాలామంది ఆశించారు. ఆయన తప్పుకోవడంతో బోర్డు ఓటింగ్‌లో విజ్జీ నెగ్గారు. జట్టులో సి.కె. నాయుడు, విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ, లాలా అమర్‌నాథ్, అమర్ సింగ్, మహమ్మద్ నిస్సార్ ఉన్నారు. ప్రతిభకు కొదవలేదు. లోపించింది ఐకమత్యం. సారథిని సమర్థించేవారు, నాయుడు పక్షం వహించేవారు అంటూ జట్టు చీలింది.

తొలి టెస్టుకు ముందే పర్యటన దారి తప్పింది. బ్యాటింగ్‌లోనూ బౌలింగ్‌లోనూ మంచి ఊపులో ఉన్న అమర్‌నాథ్‌ను ఒక మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టించి, క్రమం మార్చి మార్చి కూర్చోబెట్టారు. ఆయన కోపంతో అన్న మాటలను క్రమశిక్షణ ఉల్లంఘనగా తీసుకుని సారథి, మేనేజర్ మేజర్ బ్రిటన్ జోన్స్ కలిసి ఆయన్ని ఓడెక్కించి స్వదేశానికి పంపేశారు.

ఆ లోటు లార్డ్స్‌లోనే బయటపడింది. అమర్ సింగ్ విజృంభణతో భారత్ తొలి ఇన్నింగ్స్‌లో 13 పరుగుల ఆధిక్యం సాధించింది. రెండో ఇన్నింగ్స్‌లో 93కే కుప్పకూలి తొమ్మిది వికెట్ల తేడాతో ఓడింది. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మర్చంట్ (114), ముస్తాక్ అలీ (112) తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించి మ్యాచ్‌ను కాపాడారు. విదేశీ గడ్డ మీద భారతీయుడి తొలి టెస్టు సెంచరీ ముస్తాక్‌దే. ఓవల్‌లో నాయుడు 81 పరుగులతో పోరాడినా భారత్ మళ్లీ తొమ్మిది వికెట్ల తేడాతో ఓడింది. కింది వరుసలో బ్యాటింగ్‌కు దిగిన విజ్జీ సిరీస్ మొత్తంలో 33 పరుగులు చేశారు. అత్యధికం 19 నాటౌట్, సగటు 8.25. ఆ పర్యటన నడుమనే బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు ‘సర్’ బిరుదు ఇచ్చింది. స్వాతంత్ర్య సమయంలో ఆయన దాన్ని వదులుకున్నారు.

బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన జరిగిన విచారణ 1937 జనవరిలో నివేదిక ఇచ్చింది. విజ్జీ సారథ్యం విఫలమైందని, ఫీల్డర్ల మోహరింపు, బౌలింగ్ మార్పులు ఆయనకు తెలియలేదని, బ్యాటింగ్ వరుస ఏనాడూ స్థిరంగా లేదని అది తేల్చింది. అమర్‌నాథ్‌ను నిర్దోషిగా ప్రకటించింది. విజ్జీ మళ్లీ టెస్టు ఆడలేదు.

ఈ వైఫల్యానికి ఆయనొక్కడినే బాధ్యుణ్ని చేయడం చరిత్రకు న్యాయం కాదు. ఆయన చేత సారథ్యం అడిగించింది ఆయన కోరిక. దాన్ని ఆయన చేతికిచ్చింది మాత్రం బోర్డు వ్యవస్థ. సమాజంలో హోదా ఉన్నవాడే జట్టును నడపాలన్న ఆంగ్ల అమెచ్యూర్ సంప్రదాయం, ఖర్చు భరించినవాడికి కుర్చీ ఇచ్చే దేశీయ దర్బారు పద్ధతి కలిసిపోయాయి. ఆ కలయిక ఫలితాన్ని దేశంలోని అత్యుత్తమ ఆటగాళ్లు అనుభవించారు.

ఉత్తరప్రదేశ్‌లో నిర్మాణం

సారథ్యం చేజారాక విజ్జీ ఆటను విడిచిపెట్టలేదు. ఆయన రెండో జీవితం ఉత్తరప్రదేశ్ క్రికెట్ సంఘంలో రూపుదిద్దుకుంది. బొంబాయి, మద్రాసు, కలకత్తా రేవు పట్టణాల చుట్టూ తిరిగే క్రికెట్‌ను గంగా మైదానంలోని లోపలి పట్టణాలకు తీసుకెళ్లడం ఆయన పట్టుకున్న పని. 1952 జనవరిలో కాన్పూర్ గ్రీన్‌పార్క్‌లో ఇంగ్లండ్‌తో తొలి టెస్టు జరగడంలో ఆయన కృషి ఉంది. మొదట సొంత డబ్బుతో, తర్వాత సంఘం బలంతో ఒక ప్రాంతానికి ఆటను తేవడం ఎలాగో ఆయన చూపించారు.

1956-57లో ఉత్తరప్రదేశ్ రంజీ జట్టుకు సారథిగా ఆయన ఎవరిని పిలిచారన్నది గమనించాల్సిన విషయం. 61 ఏళ్ల సి.కె. నాయుడును పిలిచారు. 1936లో ఎవరి నాయకత్వానికి తాను అడ్డు నిలిచారో, ఆయన చేతికే తన రాష్ట్ర జట్టును అప్పగించారు. నాయుడు యువకులతో సమానంగా ఆడి ఆ నమ్మకాన్ని నిలబెట్టారు. తాను ఆడకుండా, ఆడగలవాడికి చోటిచ్చిన ఈ నిర్ణయంలో నిర్వాహకుడిగా విజ్జీ పరిణతి కనిపిస్తుంది.

బోర్డు అధ్యక్షుడు (1954–56)

1954లో విజ్జీ బీసీసీఐ అధ్యక్షుడయ్యారు. ఆయన హయాంలో మూడు విషయాలు ముఖ్యమైనవి.

మొదటిది, 1954-55లో భారత జట్టు తొలిసారి పాకిస్తాన్‌లో పర్యటించడం. వినూ మన్కడ్ సారథిగా ఆడిన ఐదు టెస్టులూ డ్రా అయ్యాయి. ఫలితాల కంటే విభజన గాయాలు ఆరని ఆ కాలంలో రెండు దేశాల ప్రేక్షకులు ఒక మైదానంలో కూర్చోగలగడమే గొప్ప సంగతి. ఆ జట్టు మేనేజర్ లాలా అమర్‌నాథ్. 18 ఏళ్ల కిందట ఇంగ్లండ్ నుంచి తిప్పి పంపిన ఆటగాడే ఇప్పుడు విజ్జీ అధ్యక్షుడిగా ఉన్న బోర్డు తరఫున జట్టును తీసుకెళ్లారు.

రెండోది, 1955 నవంబరులో హైదరాబాద్ ఫతే మైదాన్‌లో జరిగిన తొలి టెస్టు. న్యూజిలాండ్‌తో జరిగిన ఆ మ్యాచ్‌లో హైదరాబాద్ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ భారత్‌కు సారథి. పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసి టెస్టుల్లో డబుల్ సెంచరీ కొట్టిన తొలి భారతీయుడయ్యారు. తెలుగు నేల మీద టెస్టు క్రికెట్ మొదలైంది ఒక తెలుగు అధ్యక్షుడి కాలంలోనే.

మూడోది, అదే సిరీస్‌లో 1956 జనవరిలో మద్రాసులో వినూ మన్కడ్, పంకజ్ రాయ్ తొలి వికెట్‌కు 413 పరుగులు జోడించడం. ఆ ప్రపంచ రికార్డు 2008 దాకా చెక్కుచెదరలేదు. భారత్ సిరీస్‌ను 2–0తో గెలుచుకుంది.

ప్రజాజీవితం, వ్యాఖ్యానం, మరణం

1958లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. రేడియో వ్యాఖ్యాతగానూ ఆయన గొంతు శ్రోతలకు పరిచయం. 1959లో భారత జట్టు ఇంగ్లండ్ పర్యటనలో బీబీసీ ఆయన్ని అతిథి వ్యాఖ్యాతగా ఆహ్వానించింది. 1960ల తొలినాళ్లలో లోక్‌సభలో విశాఖపట్నానికి ప్రాతినిధ్యం వహించారు. దశాబ్దాలు కాశీలో గడిపినా పుట్టిన గడ్డ ఓటర్లు ఆయన్ని తమవాడిగానే ఎంచుకున్నారు. 1965 డిసెంబరు 2న, అరవై నిండకముందే, బెనారస్‌లో కన్నుమూశారు.

విశ్వవిద్యాలయాల జోనల్ జట్ల మధ్య జరిగే క్రికెట్ పోటీకి ‘విజ్జీ ట్రోఫీ’ అని పేరు పెట్టారు. విజయనగరంలో ఆయన పేరిట విజ్జీ స్టేడియం ఉంది. అదే పట్టణంలో ఆయన అన్న కుమారుడు, విద్యాదాత పి.వి.జి. రాజు పేరుతో ఆంధ్ర క్రికెట్ సంఘం మైదానం కూడా వెలిసింది.

తర్వాతి తరాల తెలుగు ఆటగాళ్లు, నిర్వాహకులు

ఆటగాడు నిర్వాహకుడిగా మారే దారిలో విజ్జీ తర్వాత చాలామంది తెలుగువారు నడిచారు. సి.కె. నాయుడు 1953-54లో ఆంధ్ర జట్టు రంజీ రంగప్రవేశానికి సారథిగా నిలిచారు. సెలెక్టర్‌గా, బోర్డు ఉపాధ్యక్షుడిగా కూడా పనిచేశారు. గులాం అహ్మద్ 1970ల రెండో భాగంలో బోర్డు కార్యదర్శి. ఆఫ్ స్పిన్నర్ శివలాల్ యాదవ్ 2014లో సుప్రీంకోర్టు ఆదేశంతో బోర్డు తాత్కాలిక అధ్యక్షుడయ్యారు.

బ్యాట్స్‌మన్లలో మహమ్మద్ అజహరుద్దీన్ ఆట అందరికంటే ఘనమైనది. 1984-85లో ఇంగ్లండ్‌పై తొలి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు, మొత్తం 99 టెస్టుల్లో 22 సెంచరీలతో 6215 పరుగులు, 334 వన్డేల్లో 9378 పరుగులు, మూడు ప్రపంచ కప్పుల్లో సారథ్యం ఆయన ఖాతాలో ఉన్నాయి. 2000లో బోర్డు విధించిన జీవితకాల నిషేధాన్ని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012లో కొట్టివేసింది. 2019 సెప్టెంబరులో ఆయన హైదరాబాద్ క్రికెట్ సంఘం అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. సంఘంలో వర్గపోరు ముదిరి వ్యవహారం కోర్టులకెక్కింది. చివరకు 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావుకు సంఘం బాధ్యతలు అప్పగించింది.

గుంటూరు జిల్లా మేడికొండూరులో పుట్టిన వికెట్‌కీపర్ బ్యాట్స్‌మన్ ఎం.ఎస్.కె. ప్రసాద్ దారి వేరు. ఆరు టెస్టులు, 17 వన్డేలతో ఆయన అంతర్జాతీయ ఆట ముగిసింది. తర్వాత ఆంధ్ర క్రికెట్ సంఘంలో క్రికెట్ కార్యకలాపాల డైరెక్టర్‌గా పనిచేశారు. 2016 నుంచి 2020 దాకా జాతీయ సెలెక్షన్ కమిటీ అధ్యక్షుడిగా ఉన్నారు.

ఈ కాలంలో ఆంధ్ర సంఘం మైదానాలను జిల్లాలకు విస్తరించింది. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, విజయవాడ నుంచి నందిగామ మీదుగా జగ్గయ్యపేట వెళ్లే జాతీయ రహదారి పక్కన మూలపాడు మైదానం అలా వచ్చిందే. ఇప్పుడది ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. 2016 నవంబరులో భారత, వెస్టిండీస్ మహిళల జట్లు అక్కడ వన్డేలు, టీ20లు ఆడాయి. పత్తి, మిర్చి పండే పల్లెల మధ్య అంతర్జాతీయ క్రికెట్ జరిగింది. ఒక జమీందారు తన భవనం ఆవరణలో వేయించిన మైదానానికి, సంఘం నిర్వహించే ఈ మైదానానికి తేడా పెద్దది. మొదటిదానిలో ఆడే అవకాశం యజమాని దయ. రెండోదానిలో అది నందిగామ కుర్రాడికీ, జగ్గయ్యపేట అమ్మాయికీ ప్రతిభ మీద దక్కాల్సిన హక్కు.

మూల్యాంకనం

47 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో 1228 పరుగులు విజ్జీ బ్యాటింగ్ సారాంశం. ఈ లెక్కతో ఆయన్ని తూస్తే తేలిపోతారు. నిర్వాహకుడిగా తూస్తే ఒక స్పష్టమైన సూత్రం బయటపడుతుంది. ఇతరుల ఆట కోసం పనిచేసినప్పుడల్లా ఆయన విజయం సాధించారు. హాబ్స్, సట్‌క్లిఫ్‌ల రాక, బెనారస్ గెలుపు, కాన్పూర్ టెస్టు, నాయుడుకు ఉత్తరప్రదేశ్ సారథ్యం ఇందుకు సాక్ష్యాలు. తన స్థానం కోసం అధికారాన్ని వాడిన 1936లో మాత్రం ఆటకూ తనకూ నష్టం తెచ్చుకున్నారు.

బోర్డు పూర్తికాలపు అధ్యక్షుడిగా మరో టెస్టు సారథి రావడానికి 2019లో సౌరవ్ గంగూలీ దాకా ఆగాల్సి వచ్చింది. ఈ మధ్యలో 2016లో జస్టిస్ లోధా కమిటీ సిఫారసులను సుప్రీంకోర్టు ఆమోదించి, పదవీకాల పరిమితులు, ప్రయోజనాల వైరుధ్య నియమాలు, పాలకమండలిలో మాజీ క్రీడాకారుల ప్రాతినిధ్యం తెచ్చింది. ఆటగాళ్లను పాలనలోకి తేవడం మంచి మార్పు. అయితే బ్యాటు బాగా పట్టినంత మాత్రాన సంఘం బాగా నడుస్తుందనడానికి తెలుగువారి అనుభవంలో రుజువు లేదు. 33 టెస్టు పరుగులవాడు ఒక రాష్ట్ర క్రికెట్‌ను నిలబెట్టగలిగాడు. 6215 పరుగుల దిగ్గజం అధ్యక్షుడైనా ఒక సంఘంలోని చీలికలు ఆగలేదు. నిర్వాహకుడికి కావలసినవి వేరు: లెక్కల్లో నిజాయితీ, ఎంపికలో నిష్పక్షపాతం, తనకంటే మెరుగైన ఆటగాణ్ని చూసి సంతోషించే గుణం. విజ్జీ జీవితంలో ఇవి కొన్నిసార్లు లోపించాయి, కొన్నిసార్లు వెలిగాయి. ఆ రెండింటినీ కలిపి చదివినప్పుడే క్రికెట్ సంఘాలను నడిపేవారికి ఆయన చరిత్ర పనికొస్తుంది.